పాలసొర కోసం కాశిమేడు దాకా

మొదటిరోజు, గురువారం

చెన్నై పొయ్యే పినాకిని రైలు గూడూరు దాటేసరికి అమ్మ అదే మాట మూడోసారి అనింది. "రేపు తెల్లారకముందే లేచి కాశిమేడు పొయ్యి పాలసొర తీసుకోని రా. చిన్నవి చూసి తేవాల. పెద్దవి నీచు."

చెల్లికి ఇది రెండో కాన్పు. మొదటిది నెల్లూరులో మా ఇంట్లోనే జరిగింది. ఇది అత్తగారింట్లో, చెన్నై పాత వాషర్‌మెన్‌పేటలో. నేను లెక్కల మాస్టర్ని, మే నెలంతా సెలవులు, కాబట్టి అమ్మను దిగబెట్టి రావడం, సామాన్లు మొయ్యడం నా పని. అమ్మ సంచీలో బాలింత కారప్పొడి, వెల్లుల్లి, ఎండిన మునగాకు, నువ్వుల నూనె సీసా ఉన్నాయి. లేనిదల్లా పాలసొరే.

మాది మైపాడు. తాత కాలం దాకా వేటకెళ్లిన ఇల్లు. మా వైపు ఆడపిల్ల కనిందంటే ముందు కబురు పోయేది పాలసొర కోసం. చిన్న జాతి సొర అది, బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట. పుట్టు, అంటే పొడికూర, చేసి పెడితే తల్లికి పాలు పడతాయని నమ్మకం. చెన్నైలో అరవం వాళ్లదీ ఇదే నమ్మకం, వాళ్లదీ ఇదే పేరు. ఇంగ్లీషులో కూడా దాన్ని మిల్క్ షార్క్ అనే అంటారు. ఆ పేరు ఎట్టా వచ్చిందని ఒకసారి వెతికితే, భారతదేశంలో బాలింతలకు పాలు పడతాయని తింటారు కాబట్టి, అని ఉంది. మా నాయనమ్మ మాట తెల్లవాళ్ల చేపల పుస్తకం దాకా ఎక్కిందన్నమాట.

"అమ్మా, ఇప్పుడు వేట నిషేధం," అన్నాను.

"మెడ్రాసులో దొరకనిదేముంది రా," అనింది.

సెంట్రల్లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కత్తెర ఎండ. ఆటో అతను మింట్ దాటి సందుల్లోకి తిప్పినప్పటినుంచి మాటలు తెలుగులోకి మారినాయి. కొట్టు బోర్డులు అరవంలో ఉన్నా అరుగుల మీద కూర్చున్న వాళ్లు మాట్లాడేది మన భాషే. ఇక్కడి తెలుగులో 'సరి' అన్నది చుక్క లాంటిది. ప్రతి వాక్యం చివరా పడుతుంది.

మూడో అంతస్తు. పిల్లాడు తొమ్మిదో రోజు వాడు. అంతకుముందు రోజే బొడ్డు ఊడిందట. చెల్లి అత్త దాన్ని గుడ్డలో చుట్టి దాచింది, అమ్మకు చూపించింది. ఇద్దరూ దాన్ని నగను చూసినట్టు చూశారు.

"పాలు సరిపోతున్నాయా?" అనింది అమ్మ, అసలు విషయానికి వస్తూ.

"పాలసొర దొరకడంలేదు వదినా, తడైక్కాలం గదా. ఉండినా రేటు కొండ మీద ఉండాది, సరి," అనింది అత్త. తడైక్కాలం అంటే నిషేధకాలం.

చెల్లి మంచం మీదనుంచే అడ్డం వచ్చింది. సొర వేటాడి బతికే చేప, అది తిన్న చేపల్లోని పాదరసమంతా దాని ఒంట్లో పోగవుతుంది, పాలిచ్చే తల్లులు సొర మానేయాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ పట్టీలోనే ఉంది, అని ఫోన్ తీసి చూపించబోయింది.

"నువ్వు పుట్టినప్పుడు నలభై రోజులు తిన్నా. నీకేం తక్కువైంది?"

"లెక్కలు రాలేదు గదమ్మా."

అందరూ నావైపు చూసి నవ్వారు. పాలసొర మాత్రం రద్దు కాలేదు.

రెండోరోజు, శుక్రవారం

నాలుగు గంటలకల్లా బావ స్కూటర్ తీశాడు. చెన్నై చేపల రేవు కాశిమేడు పది నిమిషాల దూరం. మామూలు రోజుల్లో ఆ వేళకు అక్కడ కాలు పెట్టడానికి చోటుండదట. ఐసు బండ్లు, గంపలు, తడిసిన తాళ్లు, ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకునే వేలంపాట వాళ్లు. ఆ రోజు హార్బర్ పెళ్లి అయిపోయిన పందిరిలా ఉంది. మరబోట్లన్నీ పక్కపక్కనే, ఒకదాని బుగ్గ ఇంకోదానికి ఆనించి కట్టేసి ఉన్నాయి. ఈ చివరి బోటు ఎక్కి ఆ చివరి బోటు దాకా నీళ్లు తగలకుండా నడిచిపోవచ్చు. కొన్నిటికి కొత్త రంగు పడుతోంది. ఒకచోట వడ్రంగి అడుగు పలక మారుస్తున్నాడు. గట్టు పొడుగునా వలలు పరిచి ముగ్గురు నలుగురు చొప్పున అల్లుకుంటున్నారు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపాలి. తమిళనాడులో 2001లో మొదలైనప్పుడు 45 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటిని కదిలించకూడదని లెక్క. పడమటి తీరంలో ఇదే విరామం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది. అందుకే ఈ మే నెలలో కాశిమేడులో ఎక్కువగా అమ్ముడుపోయేది సముద్రం మీద వచ్చిన చేప కాదు, లారీలో వచ్చిన చేప. మంగళూరు, కేరళ పెట్టెలు. మంచు కరిగి పెట్టె మూలలోంచి ఎర్రటి నీళ్లు కారుతుంటే బావ ముక్కు మూసుకున్నాడు. పుట్టింది ఇక్కడే గానీ చేప తినడు. ఆ ఇంట్లో అత్త మోసే పెద్ద కష్టం అదేనట.

ఒక బోటు అంచున కూర్చుని బీడీ కాలుస్తున్న మనిషి మా తెలుగు విని పలకరించాడు. శ్రీకాకుళం వైపు. కాశిమేడు బోట్ల మీద పనిచేసే వాళ్లలో ఆంధ్రా వాళ్లు చాలామందే.

"అందరూ ఊరెల్లిపోనారు బాబూ. కాపలాకి నానొక్కడ్నే ఉండిపోనాను."

"నిషేధం డబ్బులు వచ్చాయా?"

"మనకాడ ఇరవై వేలు, ఇక్కడ ఎనిమిది వేలు. అక్కడ రాయించుకుందామంటే నువ్వు ఊళ్లో లేవంటారు. ఇక్కడ రాయించుకుందామంటే నువ్వీ ఊరోడివి కాదంటారు." బీడీ దులిపి, "సముద్రం మీద ఉన్నప్పుడే నయం, ఏ ఊరని ఎవడూ అడగడు," అన్నాడు.

అతనితో అరగంట కూర్చున్నాం. తమిళనాడు సముద్ర వేట నియంత్రణ చట్టం 1983 నాటిది. దాని కింద ఇప్పుడు మరబోట్లు ఒడ్డునుంచి అయిదు నాటికల్ మైళ్ల లోపల వల లాగకూడదు. అంటే తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. ఆంధ్రాలో చట్టం 1994లో వచ్చింది, అక్కడ చిన్న పడవలకు వదిలిపెట్టాల్సింది ఎనిమిది కిలోమీటర్లు. ఆ లోపలి నీళ్లే పిల్లచేపలకు పెంపకం గది.

"లోపలికి వస్తారా మరి?" అని అడిగాను.

"రాత్రిపూట నీళ్ల మీద మైలురాళ్లు కనపడవు గదా బాబూ," అని నవ్వాడు. తరవాత నవ్వకుండా, 2025 జనవరిలో ఈ తీరానికి కొట్టుకొచ్చిన తాబేళ్ల గురించి చెప్పాడు. వందల కొద్దీ కళేబరాలు. మరబోట్లు లాగే ట్రాల్ వలలో ఇరుక్కుని, గాలి పీల్చుకోను పైకి రాలేక చచ్చినవి. "వలకి చెయ్యి లేదు, ఇది తియ్యి అది ఒదిలెయ్యి అని చెప్పడానికి."

తెల్లారుతుండగా ఫైబర్ పడవలు రావడం మొదలైంది. ఇక్కడ నిషేధం మరబోట్లకే. చిన్న ఇంజిను తగిలించిన ఫైబర్ పడవలు పోవచ్చు. మా ఆంధ్రాలో వాటికీ నిషేధం ఉంది, తెడ్డు, తెరచాప పడవలకే మినహాయింపు. ఒకటే సముద్రం, ఒకటే చేప. సరిహద్దులోని తడ దాటితే రూలు వేరు.

మూడో పడవలో దొరికాయి పాలసొరలు. ఆరు. ఇసకలో గోనెపట్టా మీద వరసగా పడుకోబెట్టారు. అమ్మ చెప్పిన సైజే, జానెన్నర. నేను బేరానికి వంగుతుంటే, పక్కన ఒక కుర్రాడు చెక్క స్కేలు, అట్ట పెట్టిన నోటుపుస్తకం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఇరవై అయిదేళ్లుంటాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తరఫున రేవుకు వచ్చిన చేపల్ని కొలిచి రాసుకునే పని. ఆ సంస్థ 1947లో పుట్టింది ఈ మద్రాసులోనే, ఇప్పుడు పెద్దాఫీసు కొచ్చిలో. కుర్రాడు ఒక్కోదాన్నీ స్కేలు మీద పెట్టి ముక్కు నుంచి తోక కొస దాకా చదివి రాసుకుంటున్నాడు. ముప్ఫై నాలుగు. ముప్ఫై మూడు. ముప్ఫై ఆరు.

నేను లెక్కలవాణ్ని కాబట్టి కొలత అంటే ఆగలేను. పెద్దయితే ఎంత ఉంటుందని బావ చేత అరవంలో అడిగించాను. ఈనే వయసు వచ్చేసరికి డెబ్భై సెంటీమీటర్లు దాటాలట. అయితే ఇవేంటి? కుర్రాడు ఒకదాన్ని వెల్లకిలా తిప్పాడు. రెండు ముందు రెక్కల మధ్య, గొంతు కిందుగా, తెల్లటి చర్మం మీద వడ్లగింజంత చీలిక. అంచులు ఎర్రగా, ఇంకా అతుక్కోలేదు. వేలుగోరు పట్టేంత తెరుచుకుని ఉంది.

"తొప్పుళ్," అన్నాడు.

"బొడ్డు," అన్నాడు బావ నాకు.

పాలసొర గుడ్లు పెట్టదు. కడుపులో పిల్లకు మాయ ఉంటుంది, బొడ్డుతాడు ఉంటుంది. కనగానే తాడు తెగి ఈ చీలిక మిగులుతుంది, తరవాత పూడిపోయి మచ్చ కూడా కనపడదు. అంటే గోనెపట్టా మీద ఉన్నవి పుట్టి ఎన్నో రోజులు కాలేదు. ఆరింటికీ తెరిచిన బొడ్డే.

ఒక వంజరం చేప ఒక్క విడతలో లక్షల గుడ్లు వదులుతుంది. అందులో వెయ్యికొకటి దక్కినా సముద్రం నిండుతుంది. పాలసొర దాదాపు సంవత్సరం మోసి, మామూలుగా రెండు నుంచి అయిదు పిల్లల్ని కంటుంది. ఎంత ఎక్కువైనా ఎనిమిది. పన్నెండు నెలల కడుపుకు 61 రోజుల సెలవు ఎట్టా సరిపోతుంది? పైగా పిల్లల్ని వదలడానికి ఒడ్డుకు దగ్గరగా లోతులేని నీళ్లకు వస్తుంది. నిషేధకాలంలో వల పడేది ఆ నీళ్లలోనే.

షెడ్డు గోడ మీద వెలిసిపోయిన బొమ్మల బోర్డు ఒకటుంది. పట్టకూడని చేపలు. తిమింగల సొర, రంపం చేప, ఇంకొన్ని. 2001లో మొదట సొరలు, టేకు చేపలు అన్నిటినీ వన్యప్రాణి చట్టంలో పెట్టేశారు. మత్స్యకారులు గొడవ చేస్తే ఆ డిసెంబరులోనే పది రకాలకు కుదించారు. 2013లో రెక్కలు కోసి ఒళ్లు నీళ్లలో పారెయ్యకూడదన్నారు. 2015లో రెక్కల ఎగుమతి ఆపారు. 2022 సవరణతో పట్టీ పెరిగింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్నిటిలోనూ పాలసొరను పట్టడం, తినడం తప్పు కాదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని 2020లో ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది. అయినా గోనెపట్టా మీద ఆరు పిల్లల్ని పెట్టి అమ్మిన పడవ మనిషి ఏ నియమమూ మీరలేదు. కొనబోయిన నేనూ మీరలేదు.

నా మొహం చూసి పడవ మనిషి రేటు తగ్గించాడు. బేరం కోసం అట్టా పెట్టాననుకున్నాడు పాపం. నేను లేచేలోపే ఒక హోటల్ మనిషి ఆరూ ఎత్తుకుపోయాడు. సొరపుట్టుకు చిన్నవైతే ముల్లు కూడా మెత్తగా ఉడికిపోతుందట.

ఇంటికి ఉత్త చేతుల్తో పోతే అమ్మ ఒకటే అనింది: "నిద్ర లేవలేదా?"

మూడోరోజు, శనివారం

అత్త చుట్టం ఎవరో పళవేర్కాడులో (పులికాట్ ఊరికి అరవం పేరు) ఉన్నారట, అక్కడైతే తాజాగా దొరుకుతుందన్నారు. నిజం చెప్పాలంటే, సొర దొరికినా దొరక్కపోయినా పులికాట్ చూడాలని నాకే ఉంది. 2022 దాకా మా జిల్లాలో ఉన్న ఆ సరస్సును ఎప్పుడూ సూళ్లూరుపేట వైపునుంచి చూడటమే గానీ ఈ కొసనుంచి చూసింది లేదు.

కొరుక్కుపేటలో లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగాను. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన తమిళం మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి దిగాడు. సరస్సు ఎక్కువ భాగం ఆంధ్రాలో, ముఖద్వారం దగ్గర కొంత తమిళనాడులో. ఎల్లగీత నీళ్ల మీద కనపడదు కాబట్టి వలలు కోసుకోవడాలు, పడవలు పట్టుకుపోవడాలు ఏళ్ల తరబడి జరుగుతున్నవే.

డచ్చి వాళ్ల సమాధులు చూశాను. 1613లో కోట కట్టిన ఊరు ఇది. సమాధుల తోట గేటుకు అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు నిలబడి ఉన్నాయి. ఒకటి తలకింద చెయ్యి పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నట్టుంది. కోట మిగల్లేదు, దిబ్బ మిగిలింది.

నాకు నచ్చింది పాడు పద్ధతి. చాలా చదువులు చదివినవాళ్లు దాని మీద పరిశోధనలు చేశారని తెలుసు గానీ, రేవు దగ్గర వల సర్దుకుంటున్న ఆయన చెప్పినంత తేటగా నాకెవరూ చెప్పలేదు. సరస్సులో రొయ్య బాగా పడే తావులు కొన్నే. వాటిని పాడు అంటారు. ఎవరు ఏ రోజు ఏ పాడులో వల కట్టాలో చీటీలు వేసి తేలుస్తారు. మంచి తావు ఈరోజు నాకు పడితే, వంతు తిరిగి రేపు ఇంకొకరికి పోతుంది. నాకు వంతు లేని రోజు నేను ఆ తావులో చెయ్యి పెట్టకూడదు, పెడితే ఊరి పంచాయతీ. పోలీసు లేడు, పెట్రోలు బోటు లేదు. ప్రతివాడూ పక్కవాడిని చూస్తూ ఉంటాడు, అంతే.

"బయటివాళ్లకు వంతు ఇస్తారా?" అని అడిగాను.

"ఇయ్యం." ఒక్క మాట. కులం, ఊరు, తండ్రి వంతు ఉంటేనే. ఆ పక్క ఊళ్లోని వేరే కులం వాళ్లకు ఈ పద్ధతి గొప్పగా కనపడే అవకాశం లేదు. గొప్పదని రాసేవాళ్లు ఆ సంగతి చివరి పేజీలో రాస్తారు.

సొర లేదు. సముద్రం వైపు పోయిన పడవలు ఆ రోజు తెచ్చినవి కవళ్లు, పీతలు. చేపలమ్మే ముసలామె ఒకామె గొడుగు కింద కూర్చుని ఉంది. మనవైపు ఆమే, మాట పట్టేసింది.

"ఎవురికి నాయనా?"

"చెల్లికి. బాలింత."

"పాలు పడేదానికి పాలసొరెందుకు? బిడ్డ నోరు పెడితే అవే పడతాయి. ఆకలి తీరా అన్నం పెట్టండి ముందు."

"ఇన్నేళ్లూ ఇదే చెప్పి అమ్మారా?"

"ఉంటే అమ్మేదాన్ని. లేదు గాబట్టి నిజం చెప్తా ఉండా." పళ్లు లేని నోటితో పకపకా నవ్వి, అరకిలో రొయ్య, రెండు మండ పీతలు అంటగట్టింది. బిల్లు పాలసొర కంటే ఎక్కువైంది.

నాలుగోరోజు, ఆదివారం

"ఇంక నువ్వొద్దు, నేనే పోతా," అనింది అమ్మ.

చింతాద్రిపేట. ఆదివారం పొద్దున్న ఆ చేపల బజారులోకి అడుగు పెట్టడమే ఒక ఈత. బోర్డులు, గొడుగులు, కత్తిపీటల ముందు కూర్చున్న ఆడవాళ్లు, కాళ్లకింద పొలుసు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ముందు నడిచింది, వెనక నేను సంచీతో. ఆటోలో వచ్చేటప్పుడు శుక్రవారం చూసిన బొడ్డు సంగతి చెప్పాను. రెండు రోజులుగా చెప్పలేదు, ఎందుకో నోరు రాలేదు. విని ఏమీ అనలేదు. కాసేపటికి, "ఆరింటికీనా?" అనింది. ఆరింటికీ అన్నాను. మళ్లీ మాట లేదు.

సొరలు మూలగా ఒక దుకాణంలో ఉన్నాయి. ఐసు మీద పది పదిహేను. చిన్నవి విడిగా, పెద్దవి విడిగా. చిన్నవి కిలో 700, పెద్దవి 450. ఈ లెక్క నాకు అప్పటిదాకా తట్టలేదు. చేపల బజారులో ఎక్కడైనా పెరిగిన చేపకే రేటు. వంజరం, చందువ, ఏదైనా సరే, చిన్నది చవక. అందుకే పిల్లని వదిలేస్తే రేపు లాభమని వేటగాడికి ఎవరైనా చెప్పొచ్చు. పాలసొర దగ్గర తిరగబడింది. లేతదే బాలింతకు మంచిదని మనం పట్టుబట్టడంతో పిల్లకే గిరాకీ. కేరళ 2015లో 14 రకాల చేపలకు ఇంతకన్నా చిన్నది పట్టకూడదని కొలత పెట్టింది, తరవాత 58 రకాలకు పెంచింది. కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14. ఆ కొలతలు నిలబడితే నిలబడతాయి, ఎందుకంటే వేలెడు కవళ్ల కోసం ఇంట్లో ఎవరూ ఏడవరు. పాలసొరకు అట్టాంటి కొలత పెడితే గొడవపడాల్సింది పడవ వాడితో కాదు, మా అమ్మతో.

అమ్మ పీట ముందు గొంతుక్కూర్చుంది. ఒక చిన్నదాన్ని తీసి వెల్లకిలా తిప్పింది. కొంగుతో దాని పొట్ట మీది ఐసు తుడిచింది. చూసింది. పక్కన పెట్టింది. రెండోది తిప్పింది. మూడోది.

చేపలమ్మే ఆమె విసుక్కుంది. ఈమెదీ మద్రాసు తెలుగే. "ఏమ్మా, బిడ్డ తడిపిందా అని చూస్తుండావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. నాలుగోదాని బొడ్డు మీద బొటనవేలు ఒకసారి ఆనించి, తీసి, చెయ్యి కడుక్కోవడానికి ఐసునీళ్లు అడిగింది. తరవాత పెద్దవాటివైపు జరిగి, పొట్ట పలచగా ఉన్నది, మూరన్నర దాటినది ఒకటి ఎంచింది. మగదా అని అడిగింది. చేపలమ్మే ఆమె వెనక రెక్కల దగ్గర ఉండే రెండు పుల్లల్లాంటివి చూపించింది. మగదే.

"నీచుంటాది," అన్నాను, అమ్మ మాట అమ్మకే.

"చింతపండేసి ఉడకబెడితే పోతాది. నోరు మూసుకోని సంచి పట్టు."

మేం డబ్బులిస్తుండగా వెనక నిలబడ్డ ఆయన వంగి, అమ్మ పక్కన పెట్టిన నాలుగూ, ఇంకో రెండూ కలిపి తూకం వేయించుకున్నాడు. చేతిలో ఆస్పత్రి ఫైలు ఉంది. కూతురికట. అమ్మ ఆయనవైపు ఒకసారి చూసింది, ఏదో అనబోయి ఊరుకుంది. ఏమంటుంది? ఆయన నిలబడిన చోట నాలుగు రోజుల కిందట ఆమే ఉంది.

మధ్యాహ్నం వంట. సొర ఒంట్లో యూరియా ఉంటుంది, చచ్చాక అది అమ్మోనియా అవుతుంది, ఆ వాసనే నీచు. పెద్దదానికి మరీనూ. అమ్మ ముక్కల్ని పసుపు, చింతపండు వేసిన నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసింది. చర్మం గరుగ్గా, ఉప్పుకాగితం లాగా ఉంటుంది, వేడిమీద ఒలిస్తే గుడ్డలాగా ఊడివచ్చింది. తెల్లటి కండను చేత్తో పొడిపొడిగా నలిపి, గుప్పిట్లో పెట్టి నీళ్లు పిండి, మళ్లీ విడదీసింది. బాణలిలో నూనె, ఆవాలు, ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, రెండు పాయల వెల్లుల్లి. వెల్లుల్లి వేగే వాసనకు బావ బాల్కనీలోకి పోయి తలుపేసుకున్నాడు. చివర కరివేపాకు, మిరియాలపొడి.

చెల్లి రెండు ముద్దలు తినింది. పాదరసం గుర్తుకొచ్చిందో, అమ్మ మొహం గుర్తుకొచ్చిందో, మూడో ముద్ద నెమ్మదిగా తినింది. మిగతాది నేనూ అత్తా లాగించేశాం. నీచు లేదు. కొంచెం పీచు, అంతే.

ఐదోరోజు, సోమవారం

అమ్మ నెల ఉండాలనుకున్నది కాస్తా నాతోనే బయలుదేరింది. మునగాకు, వెల్లుల్లి, అత్త ఉన్నాయి గదా, చాలంది. పిల్లాడు రాత్రంతా తాగుతూనే ఉన్నాడట.

గుమ్మిడిపూండి దాటాక కిటికీలోంచి చూస్తూ అడిగింది: "ఆ పిల్లోడు కొలిచి పుస్తకంలో రాసుకున్నాడన్నావే. అది ఎవరికి చూపిస్తాడు?"

"కొచ్చికి పంపిస్తాడమ్మా. పెద్దాఫీసు అక్కడ."

"కొచ్చికా," అనింది. పెరుగన్నం డబ్బా మూత తీసి నాకు స్పూను ఇచ్చింది. "చింతాద్రిపేటకు పంపించమను."